ఫ్యాక్టరీ కూతకు ఏడ్చిన కుక్క

మా ఇంట్లో కుక్కను పెంచినందుకు నేను అప్పుడు ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోలేదు. ఇప్పుడూ ఇవ్వడం లేదు. జరిగింది జరిగినట్టు చెబుతున్నాను, అంతే.

అరవైల నడుమ మాట. మా ఆయన బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీకి చెరుకు తోటలు చూసే ఉద్యోగి. పొద్దున సైకిలెక్కి వర్ని దాకా, చందూర్ దాకా పోయి, ఎవరి చెరుకు కోతకు వచ్చిందో రాసుకుని వచ్చేవాడు. ఒక ఎండాకాలం, బదిలీ మీద వెళ్లిపోతున్న ఇంజినీరు ఒకాయన ఈయన చేతిలో రెండు నెలల కుక్కపిల్లను పెట్టాడు. అది బీగిల్ జాతి అట, విలాయతీది అట, వాసన పట్టి కుందేళ్లను తరుముతుందట. మా ఇంట్లో కుందేళ్లెక్కడివి? తెలుపు, నలుపు, తేనెరంగు కలిసిన ఒళ్లు, చెంపల మీదికి వేలాడే చెవులు, కొన మాత్రం తెల్లగా ఉన్న తోక. పిల్లలు దానికో పేరు పెట్టారు. తిట్టడానికి వాడకట్టంతా ఆ పేరును ఎంతగా వాడుకుందంటే, ఇక్కడ రాయడానికి నాకు మనసు రావడం లేదు.

అది నడవగా నేనెప్పుడూ చూడలేదు. ఉరుకుడే. ముక్కు నేలకు ఆనించి, తోక నిలబెట్టి, పొద్దున లేస్తూనే ఇంటి నాలుగు మూలలూ తనిఖీ చేసేది. ఊరి నుంచి వచ్చిన పసుపు కొమ్ములు పెరట్లో ఆరబోస్తే వాటిలో దొర్లి నెల రోజులు పసుపుపచ్చగా తిరిగింది. మా ఆయన చెప్పు ఒకటి ఎక్కడో పాతిపెట్టింది. అది ఎన్నటికీ దొరకలేదు, రెండోదాన్ని పారేయడానికి చేతులు రాక ఏడాది దాచుకున్నాం. గుంజకు కడితే తాడు కొరికేది. తలుపు వేస్తే తలుపు కింద మన్ను తవ్వేది.

తిడితే వినే రకం కాదు, కొడితే మొండికేసే రకం. దానికి పని చెప్పాలని నాకు తెలిసేసరికి రెండు నెలలు పట్టింది. జొన్నరొట్టె తుంచి ముక్కలన్నీ ఇంట్లో దాచేదాన్ని, ఒకటి ఇసుర్రాయి వెనక, ఒకటి కట్టెల మోపులో, ఒకటి చాటకింద. వాసన పట్టుకుని ఒక్కొక్కటే వెతికి తిని, చివరికి అలసి పడుకునేది. ఆ కాసేపట్లో నేను వంట చేసుకునేదాన్ని. ఇద్దరు పసిపిల్లలున్న ఇంట్లో ఇదేం పిచ్చి అని పొరుగింటావిడ గోడ మీది నుంచి అడిగింది. ముగ్గురయ్యారనుకో అన్నాను. ఆమెకు ఆ మాట నచ్చలేదు.

దసరా దాటాక అత్తను ఊరి నుంచి తెచ్చాం. చందూర్ దగ్గరి పల్లె ఆమెది. వరి మళ్లలో, పసుపు చేలల్లో ఒంటిచేత్తో కూలీలను నడిపించిన మనిషి, ఎడమ కాలూ చెయ్యీ పడిపోయి బండిలో పడుకుని వచ్చింది. ముందు గదిలో కిటికీ పక్కన మంచం వేశాను. వచ్చిన రోజే నాకు హుకుం వేసింది.

"గా కుక్కను నా దరికి రానియ్యకు."

ఎనిమిది రోజులు గడిచేసరికి కుక్క ఆమె మంచం కిందే ఉండేది. ఆమె మంచి చేత్తో అన్నం తిని, ఆఖరి ముద్ద మంచం పక్కకు జార్చేది. నేను చూస్తే చెయ్యి జారిందనేది. రోజూ రెండు పూటలా ఆఖరి ముద్దే జారేది మరి.

కార్తీకంలో ఫ్యాక్టరీలో చెరుకు ఆడే సీజను మొదలైంది. రోడ్డు పొడుగునా చెరుకు బండ్లు వరసకట్టాయి. మా కుక్క ఆ బండ్ల కింద నుంచి దూరుకుంటూ గేటు దాకా పోయేది, నేను చిన్న కూతుర్ని చంకనేసుకుని, చేతిలో రొట్టెముక్కతో వెనకాల. బండివాళ్లు ఎడ్లకు మేత వేస్తూ నవ్వేవాళ్లు.

"ఏమమ్మా, కుక్కను నువ్వు తిప్పుతున్నవా, నిన్నే కుక్క తిప్పుతున్నదా?" అన్నాడొకాయన.

"ఎవరు తిప్పితేంది, ఇద్దరికి తిరుగుడైతే అయితున్నది" అన్నాను.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం నేను అంట్లు తోముతున్నాను. కుక్క వాకిట్లో నడుమ కూర్చుని, గడ్డం ఆకాశానికెత్తి, ఊ... అని పొడుగ్గా రాగం తీసింది. అప్పటిదాకా దాని అరుపే మాకు తెలుసు. ఇది అరుపు కాదు, ఏడుపు. గిన్నె కింద పెట్టి లేచాను. పొరుగింటావిడ గోడ దగ్గరికి వచ్చి, ముక్కు మీద వేలేసుకుని, మా కిటికీ వైపు చూసింది.

మర్నాడు పొద్దున మళ్లీ ఏడ్చింది. మధ్యాహ్నం మళ్లీ. కుక్క ఏడ్చిన ఇంట్లో పీనుగ లేస్తుందని మా వైపు చిన్నపిల్లలకు కూడా తెలుసు. మూడు రోజుల్లో వాడకట్టంతా మా అత్త చావును ఖాయం చేసేసింది. నీళ్ల కోసం పోతే అడిగేది ఆమె ఎలా ఉందని కాదు, కుక్క ఇవాళ ఎన్నిసార్లు ఏడ్చిందని.

కబురు నందిపేట్ దాకా పోయింది. అక్కడికి ఇచ్చిన మా వదిన, అంటే మా ఆయన అక్క, మూట పట్టుకుని దిగింది. తల్లి కాళ్ల దగ్గర కూర్చుని ముందు ఏడ్చింది, తర్వాత తమ్ముడిని పిలిచింది.

"తమ్మీ, గీ కుక్క అవ్వ పాణం అడుగుతున్నది. దీన్ని మంజీర అవుతల ఇడ్సిరా."

మా ఆయన తల వంచుకుని నిలబడ్డాడు. ఆయన చెడ్డవాడు కాదు, అక్క మాటకు ఎదురు చెప్పడం తెలియనివాడు. ఎదురు చెప్పడం నాకు తెలుసు కనుక నేను చెప్పాను, కుక్క ఎక్కడికీ పోదని. వదిన నా వైపు చూడకుండానే తమ్ముడితో మాట్లాడింది. ఆ ఇంట్లో నా మాటకున్న విలువ అంతే అప్పటికి.

ఆ సాయంత్రం అత్త కాలికి నూనె రాస్తుంటే ఆమె మెల్లగా అంది.

"పోరీ, గిది ఊకె ఏడుస్తలేదు. ఫ్యాక్టరీ కూసినప్పుడే గిది కూస్తున్నది. నువ్వు ఇంటలేవా?"

నేను వినడం లేదు. మాలో ఎవరం వినడం లేదు. సీజనులో షిఫ్టు మారినప్పుడల్లా ఫ్యాక్టరీ సైరన్ మోగేది, ఏళ్ల తరబడి వినీ వినీ బోధన్‌లో ఉన్నవాళ్లకు అది చెవిన పడటమే మానేసింది. కుక్క ఒక్కటే కొత్తగా వినబడింది, మేం కుక్కనే విన్నాం. పల్లె నుంచి వచ్చి, కదలలేక కిటికీ పక్కన పడుకున్న ముసలామెకు రెండూ వినబడ్డాయి. నాకు సిగ్గేసింది, వెంటనే పట్టలేనంత సంతోషమేసింది.

మర్నాడు వాడకట్టు ఆడవాళ్లందరినీ పిలిచాను. "రెండు గంటలకు రాండ్రి. మీ చెవులతోని ఇని పోండ్రి" అన్నాను. ఏడెనిమిది మంది వచ్చారు. సైరన్ మోగింది. మంచం కింద నుంచి కుక్క వాకిట్లోకి ఉరికి, గడ్డమెత్తి అందుకుంది. సైరన్ ఆగింది, కుక్కా ఆగింది, తోక ఊపుకుంటూ వచ్చి నా చేతులు వాసన చూసింది. నేను గెలిచాననుకున్నాను. వదిన కొంగు సర్దుకుంది.

"కూత ఇని ఏడ్సినా ఏడుపు ఏడుపే గద. అవ్వ మంచంల ఉన్న ఇంట్ల గది నడ్వదు."

వచ్చినవాళ్లంతా అవునన్నట్టు తలలూపారు. కళ్లతో చూసి, చెవులతో విని, పాత మాటే పట్టుకుని పోయారు. ఆ రోజు పుట్టిన కోపం నాకు ఇంకా పూర్తిగా చల్లారలేదు.

మర్నాడు పొద్దున పాలు తీసుకుని వచ్చేసరికి మా గుమ్మం ముందు ఖాళీ చెరుకు బండి ఆగి ఉంది. చెరుకు దింపుకుని మంజీర దాటి వెనక్కి పోయే బండి. అందులో గోనెసంచి కదులుతోంది. సంచి మూతి కట్టి ఉంది, దానిలోంచి ముక్కు ఒకటి బయటికి పొడుచుకు వచ్చింది. మా ఆయన బండివాడితో ఏదో చెబుతున్నాడు, నన్ను చూసి ఆపాడు.

పాలచెంబు గడప మీద పెట్టి ఎడ్లకు అడ్డంగా నిలబడ్డాను.

"కుక్క నాది. నన్ను అడగకుంట ఎవరు కట్టిండ్రు?"

వీధంతా తలుపుల్లోకి వచ్చింది. ఇంటి కోడలు బండికి అడ్డం నిలబడి మొగుడిని నిలదీయడం వాళ్లకు మంచి వేడుక. చూడనీ అనుకున్నాను. బండెక్కి తాడు పళ్లతో విప్పాను. కుక్క సంచిలోంచి బయటపడి నా మొహమంతా నాకింది. దాన్ని ఎత్తుకుని లోపలికి వచ్చాను, వెనకాలే వదిన, ఆమె వెనక మా ఆయన. వదిన గొంతు పెంచింది. నాకు కావలసింది అవ్వా, కుక్కా, తేల్చి చెప్పమంది. నేను నోరు తెరిచేలోపే మంచం మీది నుంచి అత్త మాట్లాడింది.

"నేను సచ్చినంక ఏడ్సెటోళ్లు మస్తు మంది ఉన్నరు బిడ్డా. పాణముండంగ నా కాడ కూసోని ఏడ్సెటిది గిదొక్కటే. దీన్ని పంపుతవా, నన్ను సుత గా బండ్లనే ఎక్కియ్యు."

బండి ఖాళీగా పోయింది. వదిన మూడోనాడు నందిపేట్ వెళ్లిపోయింది. ఆ చలికాలమంతా సైరన్ మోగినప్పుడల్లా కుక్క ఏడ్చింది, ప్రతిసారీ అత్త "ఆఁ, ఇన్న, ఇన్న" అని దానికి బదులిచ్చింది. సీజను ముగిసి సైరన్ ఆగిపోయాక కుక్క కూడా ఆ రాగం మానేసింది. అప్పటికి నేను చేయి పట్టుకుంటే అత్త లేచి కూర్చునేది, అరుగు దాకా వచ్చేది. కుక్క ఆమె అడుగుల మధ్య దూరి ఇద్దరినీ పడేయబోయేది.

శ్రావణంలో ఒక పొద్దున ఆమె లేవలేదు. నిద్రలోనే పోయింది. కుక్క మంచం కిందే ఉంది, నోరు తెరవలేదు. నేనూ ఏడవలేదు. శవం ముందు కోడలు గుండెలు బాదుకుని, రాగం తీసి, పోయినవాళ్ల మంచి చెబుతూ ఏడవాలి మాలో. ఏడుపును బట్టే కోడలిని తూస్తారు. నాకు రాలేదు. ఆమె మంచి నాకు తెలుసు, వాళ్లకు పాడి వినిపించడం చేతకాలేదు. పదకొండో రోజున వదిన అందరూ వింటుండగా అంది.

"అవ్వ చేతి బువ్వ తిని గీ కుక్క ఏడ్వలే, గా కోడలు ఏడ్వలే."

ఏడ్చినందుకు వెళ్లగొట్టమన్న నోరే అది. నేను ఆమె విస్తట్లో అన్నం వడ్డించి ముందుకు పోయాను. ఆమెకు తల్లి పోయింది.

కార్తీకం వచ్చింది. బండ్లు వరసకట్టాయి. సీజను మొదటి సైరన్ మోగినప్పుడు నేను ఆ గదిలో కసువు ఊడుస్తున్నాను. కుక్క వాకిట్లోకి ఉరకలేదు. మంచం తీసేసిన చోట కూర్చుని, గడ్డమెత్తి అందుకుంది. బదులిచ్చే గొంతు లేదు. చీపురు పక్కన పడేసి, దాని పక్కనే కూలబడి నేనూ గొంతెత్తాను. పొరుగింటి తలుపు తెరుచుకున్న చప్పుడు వినబడింది. నేను లేచి మా తలుపులు రెండూ బార్లా తీసి వచ్చి, మళ్లీ కూర్చుని ఏడ్చాను.