అగ్గిపుల్ల పెట్టిన బొక్క

నాచారంలో కొత్త ఇల్లు కట్టుకున్నవాళ్ళు తలుపులు పెట్టడానికి వడ్రంగి సోమాచారిని వెతుక్కుంటూ వచ్చేవారు. పెదవుల మధ్య నాలుగు స్క్రూలు పెట్టుకుని పని చేసేవాడు కాబట్టి, ఎవరేమడిగినా "ఊఁ" అనడమే అతని జవాబు. స్క్రూ బొక్క వదులైతే అగ్గిపుల్లను జిగురులో ముంచి అందులో దూర్చి, మళ్ళీ బిగించేవాడు. అలా బిగించిన తలుపు ఒక్కటీ ఊడిరాలేదు.

రైల్వే ఇంజనీరు పరంధామయ్య మల్లాపూర్ షెడ్డులో మూడేళ్ళుగా చెక్క విమానం కడుతున్నాడు. రెక్కల పనంతా సోమాచారిదే. ఆ ఉదయం పరంధామయ్య రెక్క చివర ఆడే పలకను పైకీ కిందికీ ఊపి చూసి, దాని మడతబందు మీద వేలుంచాడు.

"పైకెళ్ళాక ఇది ఊడిందంటే విమానం నా మాట వినదు ఆచారీ. నేరుగా నేలకే."

సోమాచారి నోట్లోంచి స్క్రూలు తీసి అరచేతిలో పెట్టుకున్నాడు.

"సారూ, ఒక బందుకు బొక్క జర పెద్దగైంది. అగ్గిపుల్ల వెట్టిన."

"తలుపనుకున్నావా ఏవిటయ్యా ఇది! ఏ బందుకి?"

"యాదికొస్తలేదు సారూ. ఎనిమిది ఒక్కపారే బిగించిన."

ఆ బొక్కలన్నీ ఇప్పుడు రెక్క లోపలున్నాయి. పైన పల్చటి చెక్క అతికించి రంగు కూడా వేసేశారు. పరంధామయ్య రెక్కను చాలాసేపు నిమిరి, ఉలి తెచ్చి అతని చేతిలో పెట్టాడు. సోమాచారి ఎనిమిది చోట్లా చెవి ఆనించి, వేలితో కొట్టి విన్నాడు. ఎనిమిదీ ఒక్కలాగే మోగాయి.

"ఏ దిక్కుకెల్లి కొయ్యాలె సారూ?"

పరంధామయ్య మొహం పక్కకు తిప్పుకుని, "కుడివైపు నుంచి" అన్నాడు.