రూతమ్మ గాలం, నా పదమూడో ఎక్కం

నిన్న మా వీధిలో రోడ్డు వేశారు. మరిగే తారు వాసన వంటింటిదాకా వచ్చింది. ఇంట్లో అందరూ కిటికీలు మూస్తుంటే నేను మాత్రం బయటికి వెళ్లి గుండె నిండా పీల్చుకున్నాను. మా కోడలు నన్ను వింతగా చూసింది. ఆమెకేం తెలుసు! నాకది రోడ్డు వాసన కాదు, పుట్టి వాసన. వెదురుతో గుండ్రంగా బుట్టలా అల్లి, అడుగున గుడ్డ బిగించి, తారు పూసిన చిన్న పడవ అది. అందులో మోకాళ్లు ముడుచుకుని నా ఎదురుగా కూర్చున్న రూతమ్మ సిస్టర్ కూడా ఆ వాసనతో పాటే వచ్చేస్తుంది.

డెబ్బైల చివర్లో నాకు నర్సంపేటలో నర్సు ఉద్యోగం వచ్చింది. అక్కడ రూతమ్మ మా పెద్ద సిస్టర్. తొర్రూరు దగ్గరి క్రైస్తవ కుటుంబం ఆమెది. యాభై దాటిన ఒంటరి మనిషి, పొట్టిగా, గట్టిగా ఉండేది. నేనేమో మహా తొందర మనిషిని. సూది గుచ్చడంలో తొందర, కట్టు కట్టడంలో తొందర, ఎవరైనా ఒక మాటంటే తిరిగి రెండు అనడంలో మరీ తొందర. ఒకరోజు ఆమె నా చేతిలోంచి సిరంజి మెల్లగా తీసుకుని, "సెలవునాడు నాతోని చెరువుకు రా బిడ్డా. నీ చేతులకు జర మందెయ్యాలె" అంది. చెరువులో మందేమిటో నాకు అర్థం కాలేదు. ఆదివారం చర్చి, సెలవునాడు చెరువు, ఆమెకున్న సంతోషాలు ఆ రెండేనని తర్వాత తెలిసింది.

చెరువు దగ్గర ఆమె పద్ధతులన్నీ దవాఖానలో ఉన్నంత కచ్చితంగా ఉండేవి. గాలం కట్టె మరీ బిరుసుగా ఉండకూడదు, కొస వంగాలి. తంగూసు దారానికి ముడి వేసేముందు ఉమ్మితో తడపాలి, లేకపోతే బిగించేటప్పుడు వేడెక్కి దారం చిట్లుతుంది. నీడ నీళ్ల మీద పడకుండా ఎండకు ఎదురుగా కూర్చోవాలి. కొర్రమట్ట చేపకు ఎర చిన్న కప్ప. దాన్ని తొడ చర్మానికి గుచ్చి, ఈదనిస్తూ, నాచు అంచు వెంట ఆడించాలి. మొదటి రోజు చేప కప్పను అందుకోగానే నేను బలమంతా పెట్టి లాగాను. కప్ప ఎగిరి వచ్చి రూతమ్మ ఒళ్లో పడింది.

"గంత తొందరేంది బిడ్డా? కొర్రమట్ట పట్టంగనే మింగది. నోట్ల అడ్డం పెట్టుకొని జర దూరం పోతది. ఆడ తిప్పుకొని మింగుతది. అందాంక దారం ఇడువు."

"ఎంతసేపు ఇడువాలె సిస్టర్?"

"నేనైతే ఒక్క ప్రార్థన చేసుకుంట. నీకేమొస్తదో నువ్వది చదువుకో."

నాకు ఎక్కాలు తప్ప ఏమీ గుర్తు రాలేదు. అందులో పదమూడో ఎక్కం దగ్గర బడిలోనూ తడబడేదాన్ని. ఆ తడబాటుతో కలిపి చదివితే సరిగ్గా చేప మింగేంత సమయం పట్టేది. దద్దమ్మగా ఉండటం వల్ల జీవితంలో మేలు జరిగింది ఆ ఒక్కసారే.

ఆ చెరువులో చేపలు పట్టేవాళ్ల పెద్ద సాయిలు, మేమెక్కే పుట్టి వాళ్లదే. ఆ ఏడాది వాళ్లు వదిలిన చేపపిల్లలు పెరగలేదు, వలలు తేలిగ్గా తేలిపోతున్నాయి. ఒక ఉదయం అతను గట్టు మీద మాకు అడ్డం నిలబడ్డాడు. "ఆడోళ్లు పుట్టెక్కినకాడి సంది వల నిండుతలేదు. ఇగ మీరు రావద్దు సిస్టరమ్మా" అన్నాడు. నేను నోరు తెరిచేలోపు రూతమ్మ నా చేయి నొక్కింది.

"సాయన్నా, నీ చేపపిల్లలను తింటాంది తుమ్మ మోడుల కాడున్న పెద్ద కొర్రమట్ట. నీ వల ఆడ చిక్కుకొని చినుగుతది. దాన్ని మేం పడితే?"

"పడితే దినాం పుట్టెక్కుర్రి, ఎవడడుగుతడు? పట్టకుంటే?"

"మళ్ల ఈ గట్టెక్కం."

వచ్చే సెలవుదాకా గడువు. ఆ రోజు గట్టు మీద పదిమంది చేరి నవ్వుకుంటున్నారు. మోడుల దగ్గర పుట్టి ఆపగానే రూతమ్మ కట్టె నా చేతిలో పెట్టింది. "కండ్లకు పొర కమ్మింది బిడ్డా. కప్ప అవుపడుతలేదు. నువ్వే పట్టాలె." అంతవరకు ఆమె నాకా సంగతి చెప్పనేలేదు. ఆమె సంతోషాల్లో సగం నా రెండు చేతుల్లో ఉంది.

మూడోసారి వేసినప్పుడు నీళ్లు ఎగజిమ్మాయి, కప్ప మాయమైంది. దారం పాకుతూ పోతోంది. పదమూడొకట్ల పదమూడు, పదమూడ్రెళ్ల ఇరవై ఆరు... చేతులు లాగమంటున్నాయి, నేను చదువుతూనే ఉన్నాను. ఏడు దగ్గర తడబడి, తొంభై ఒకటి గుర్తు తెచ్చుకుని, చివరిదాకా వచ్చాక కట్టె ఎత్తాను. అటువైపు బండరాయి కదిలినట్టయింది. ఆవేశంలో లేచి నిలబడబోయాను.

"కూసో! నిలవడితే ఇద్దరం మునుగుతం. నువ్వు గుంజకు, దాన్నే గుంజనియ్యి. పుట్టే దాన్ని అలసగొడ్తది."

నిజంగానే ఆ చేప మమ్మల్ని చెరువంతా ఊరేగించింది. నేను "మోడు ఎడమకు" అని అరిస్తే రూతమ్మ తెడ్డుతో పుట్టిని తప్పించేది. ఎంతసేపు తిరిగామో తెలియదు. గట్టు మీద నవ్వులు ఎప్పుడో ఆగిపోయాయి. చివరికి చేప అలసి పక్కకు ఒరిగింది. తువ్వాలు చుట్టి దాన్ని పుట్టిలోకి లాగినప్పుడు నేను ఏడ్చాను, సిగ్గేమీ పడలేదు.

ఒడ్డుకు రాగానే సాయిలే నీళ్లలోకి దిగి, మేం దిగడానికి పుట్టి అంచు పట్టుకున్నాడు. "ఎంతుంది బిడ్డా?" అని రూతమ్మ అడిగింది. నేను ఆమె చేయి పట్టి చేప తల మీద పెట్టాను. ఆ చేయి మెల్లగా జరుగుతూ, ఇంకా జరుగుతూ, తోక దాకా చేరేసరికి ఆమె చిన్నపిల్లలా పకపకా నవ్వింది.

"దినాం ఎక్కు సిస్టరమ్మా, పుట్టి నీదే" అన్నాడు సాయిలు. "గింత పెద్దదాన్ని ఎట్ల పట్టినవు?"

రూతమ్మ నన్ను ముందుకు తోసింది. "నన్నడుగుతవేంది? నాకు చెరువే అవుపడుతలేదు. పట్టింది గీమె, సరోజ."

పదిమంది మగవాళ్లు నా వైపు తిరిగారు. అంతవరకు నన్ను సిస్టరమ్మ వెంట వచ్చే పిల్ల అనేవాళ్లు. నాకు పేరుందని ఆ గట్టుకు తెలిసింది ఆ పూటే.

తర్వాత నేనూ పెద్ద సిస్టర్‌నయ్యాను. కష్టమైన కాన్పు గట్టెక్కి, ఇంటివాళ్లు నాకు చేతులు జోడించడానికి వచ్చిన ప్రతిసారీ, వెనక గోడకు ఆనుకుని నిలబడ్డ కొత్త నర్సు కోసం వెతికేదాన్ని. భుజం పట్టుకుని ముందుకు తోసి, పేరు పెట్టి చెప్పేదాన్ని: "చేసింది గీమె."