గోడ మీద గీయని గీతలు

తొంభైల మొదట్లో మాట. మా అక్క కూతురు విశాఖలో డిగ్రీ చదువుతూ, వేసవి సెలవుల్లో పరిశోధన పని మీద ఖరగ్‌పూర్ కాలేజీకి వచ్చింది. ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో మా రైల్వే క్వార్టర్లోనే దిగింది. సముద్రాలు వేడెక్కుతున్నాయట. అందులో జీవాలు ఆ వేడికి తట్టుకుంటాయో లేదో తను చూడాలి. కాలేజీలో చోటు దొరక్క, దీఘా సముద్రం ఒడ్డు నుంచి బస్సులో తెచ్చిన ఆలుచిప్పల్ని మా వెనక వరండాలో రెండు తొట్లలో సముద్రపు నీళ్లు పోసి పెట్టింది. ఒకటి మామూలుగా ఉంచింది. రెండోదాని మీద పెద్ద బల్బు వేలాడదీసింది.

"పిన్నీ, పొద్దల్లా బల్బు ఎలగాల. కరెంటు పోతే గోడ మీద బొగ్గుతో గీత గియ్యి, సాలు. సందేల నేనొచ్చి రాసుకుంతాను."

నా రెండో తరగతి చదువుకు అదే పెద్ద ఉద్యోగం. మా ఆయన వర్క్‌షాపుకు పోతూ నవ్వేవాడు. "కూరొండుకునేవాటికి దీపాలెట్టి పూజలేటే?"

నిజమే. సముద్రం ఒడ్డున పుట్టి, ఆలుచిప్పల్ని కుండలకొద్దీ ఉడికించినదాన్ని. కానీ అది ఒక్క పొంగుతో అయిపోయేది. ఇవి ఆ బల్బు వేడికి రోజంతా నోళ్లు తెరుచుకుని ఉంటే చూడలేకపోయాను. మూడో రోజు మధ్యాహ్నం వర్క్‌షాపు సైరన్ మోగగానే బల్బు ఆర్పేశాను. పిల్ల వచ్చేలోగా మళ్లీ వేశాను. కరెంటు పోలేదు కదా అని గీత గీయలేదు. ఆ తర్వాత రోజూ అదే పని.

మూడు వారాలకు పిల్ల గంతులేసింది. "ఇవి సావలేదు పిన్నీ! ఏడికి తట్టుకుంతన్నాయి. రేపే మా సార్‌కి సెప్తాను."

అన్నం గిన్నె పక్కన పెట్టాను. "సెప్పకే తల్లీ" అన్నాను.

ఏ రోజు ఏ సైరన్‌కు ఆర్పానో, ఎప్పుడు వేశానో నాకు ఒక్కటీ మరపు రాలేదు. వరసగా చెప్పాను. తను నోటుబుక్కు తెరిచి రాసుకుంటూ, సగం పేజీలో కలం మూసేసింది.

"నన్ను తిట్టవే" అన్నాను.

"తిడితే ఏటొస్తాది పిన్నీ? సముద్రంలో ఆర్పడానికి ఎవులుంతారు?"

తన సెలవులు ఇంకో ఎనిమిది రోజులే మిగిలాయి. మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి నేను వరండాలోకే పోలేదు. ఆరో రోజు తనే పిలిచింది. బతికున్న ఆలుచిప్ప వేలితో తాకితే మూసుకోవాలి. బల్బు కింద తొట్టిలో ఒక్కటీ మూసుకోలేదు. వాసన సందంతా పట్టుకుంది. ఆరు రోజుల లెక్క దేనికీ చాలదని వాళ్ల సార్ కాగితాలు తిప్పి ఇచ్చేశాడు. పిల్ల నా ముందు ఏడవలేదు. తొట్టి కడిగింది.

తను రైలెక్కాక మామూలు తొట్టి ముందు కూర్చున్నాను. దీఘా దాకా మోసుకుపోయేవాళ్లు లేరు. వండడానికి చేతులు రాలేదు. తొట్టిలో మార్చడానికి సముద్రపు నీళ్లు ఇంకో రెండు రోజులకే ఉన్నాయి. వేలు పెడితే ఒక్కొక్కటే టక్కున మూసుకుంటోంది.