ట్రాక్ మీద వడ్లు

వారమంతా విజయవాడలో ఆఫీసు, వీలైన శని ఆదివారాలు చెన్నై దగ్గరి ట్రాక్ మీద బైకు రేసులు. నలభై దాటాక పట్టిన ఈ పిచ్చిని మా ఇంట్లో ఎవరూ మెచ్చుకోరు. మెచ్చుకోమని నేనూ అడగలేదు.

ఆ ఆదివారం పొద్దున్నే ప్రాక్టీసు. కాసేపటికి ఇంజను మోత నిద్రలో విన్న వానలా దూరమైపోయింది. నాలుగో మలుపులో తారు మీద సగం దాకా లేత ఎండ పచ్చగా పరుచుకుని ఉంది. చెయ్యి దానంతటదే బ్రేకు నొక్కింది. ఆ ఎండను తప్పించి పక్కనుంచి మెల్లగా వెళ్లాను. వెనకున్న ముగ్గురూ నన్ను దాటిపోయారు.

బండి ఆపగానే, నెల్లూరు నుంచి వచ్చిన మా కోచ్ విసుక్కున్నాడు.

"బాగా వస్తా ఉండి, అక్కడెందుకు పక్కకి పోయారండీ? ఏముందక్కడ?"

"వడ్లు ఆరబోశారండీ" అనేశాను.

ఆయన అదోలా చూశాడు. కోతల రోజుల్లో పామర్రు నుంచి చల్లపల్లి దాకా సగం రోడ్డు మీద వడ్లే ఉంటాయనీ, నేను బండి నేర్చుకున్నది ఆ మిగిలిన సగంలోనేననీ ఆయనకేం చెప్పను?

తర్వాతి రౌండులో అది ఎండేనని తెలుసు. అయినా దాని మీదుగా చక్రం పోనివ్వబుద్ధి కాలేదు.