దిబ్బ మీద కొబ్బరికాయ

అమెరికాలోని ఆష్‌బర్న్‌లో మనవాళ్ళు వారాంతాల్లో ఇళ్ళ ధరలు చూసుకుంటారు. దత్తాత్రేయ మాత్రం బ్రిటన్‌లోని వేల్స్ పొలాల్లో దిబ్బలు చూసుకుంటాడు. పగలంతా డేటా సెంటర్‌లో సర్వర్లు వేడెక్కకుండా కాపలా. ఇంటికొస్తే, విమానంలోంచి లేజర్‌తో తీసిన నేల బొమ్మలు ముందేసుకుని వెతుకులాట. తొమ్మిది వందల ఏళ్ళ కిందట నార్మన్లు మట్టి గుట్టగా పోసి, పైన చెక్క కోటలు కట్టుకున్న దిబ్బలవి. ఎవరో అప్పజెప్పిన పని కాదు, పైసా రాదు.

"ఏందిర దత్తూ, నీ దిబ్బ దొరికిందా?" అని స్నేహితుడు జితేందర్ కనబడినప్పుడల్లా ఆటపట్టించేవాడు.

దొరికింది. ఒక గొర్రెల పొలంలో, చుట్టూ కందకం ఆనవాళ్ళతో సహా. అక్కడి చరిత్ర సంఘం పెద్దావిడ గ్వెన్ నిపుణులను వెంటబెట్టుకెళ్ళి, అది కోటదిబ్బేనని తేల్చింది. బోర్డు పెడుతున్నాం, కనిపెట్టిన మీరే వచ్చి తెర తీయాలని పిలిచింది కూడా.

మనవాడి కాళ్ళు భూమ్మీద నిలవలేదు. టికెట్లు చూడబోతే భార్య గౌరి లాప్‌టాప్ మూసేసింది.

"వీసా ఎక్స్‌టెన్షన్ ఇంకా పెండింగ్‌లోనే ఉంది కదండీ. ఇప్పుడు దేశం దాటితే కాన్సులేట్‌లో స్టాంపింగ్ దగ్గర ఇరుక్కుంటారు. మిమ్మల్ని మళ్ళీ రానివ్వకపోతే నేనూ పిల్లా ఏం కావాలి?"

ఆమె తప్పేం లేదు. ఆ వీసా దుంప తెగ! మనిషి ఉద్యోగం చేయొచ్చు, పన్నులు కట్టొచ్చు, ముచ్చటపడ్డ మట్టి మీద ఒక్కసారి కాలు మోపి రావడానికి మాత్రం లేదు.

పోనీ వీడియోలో చూపిస్తానంది గ్వెన్. దత్తాత్రేయ మొహమాటపడుతూనే ఒక్కటి అడిగాడు. "మాలో ఏ మంచి పనికైనా కొబ్బరికాయ కొడతామండీ. వీలైతే..."

ఆ శనివారం జితేందర్ కూడా వచ్చి ఫోన్ ముందు కూర్చున్నాడు. గ్వెన్ ఎక్కడ సంపాదించిందో గానీ కాయ తెచ్చింది. కొట్టడానికి రాయేది? అంతా మట్టే, పైన మెత్తటి గడ్డి. ఆవిడ విసిరిన కాయ దొర్లుకుంటూ కందకంలోకి పోయింది, గొర్రెలు బెదిరి పరిగెత్తాయి. చివరికి ఆ పొలం ఆసామి ట్రాక్టర్ ఇనుముకేసి కొట్టి పగలగొట్టాడు. జితేందర్ పడీ పడీ నవ్వాడు. దత్తాత్రేయా నవ్వాడు.

గ్వెన్ అందరికీ ముక్కలు పంచింది. ఒక ముక్క కాగితంలో చుట్టి కోటు జేబులో వేసుకుంది.

"ఇది మీ వాటా. మా ఫ్రీజర్‌లో దాచి ఉంచుతాను. ఎప్పుడొస్తారు?"

రాలేనివాళ్ళకి ప్రసాదం తీసి పక్కన పెట్టాలని ఆ తల్లికి ఎవరు చెప్పారు? దత్తాత్రేయ ఫోన్‌ని స్నేహితుడి వైపు జరిపాడు. జితేందర్ అందుకున్నాడు. నవ్వడం ఎప్పుడో ఆపేశాడు.

"ఉంచండి మేడమ్," అన్నాడు ఇంగ్లీషులో. "తప్పకుండా వస్తాడు."

ఎప్పుడన్నది మాత్రం చెప్పలేదు.