చెరువు పచ్చబడిన ఏడు

ఈ మాట ఇన్నేళ్లుగా గొంతులో చేపముల్లులా ఇరుక్కుని ఉంది. మింగలేను, కక్కలేను. మీకు చెబుతున్నానంటే మీరెవరో నాకు తెలియదు కాబట్టే. తెలిసినవాళ్లయితే నోరు తెరవకముందే, వీళ్లకు సంగతి ముందే తెలుసేమోనని వాళ్ల కళ్లలో వెతికి, మాట మార్చేసేవాణ్ని. అనుమానం నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు. అసలు తప్పు కూడా అక్కడే మొదలైంది.

మాది ఇబ్రహీంపట్నం పక్కన చిన్న ఊరు. చేపలు పట్టే ఇళ్లన్నీ ఒక సంఘం. ఊరి చెరువులో చేపపిల్లల్ని వదిలి, ఎండాకాలంలో అందరం కలిసి వలలు లాగేవాళ్లం. పట్టిన చేపల్ని కట్ట మీద ఇంటికో కుప్ప పోసి, పేరు పిలిచి పంచేవాళ్లం. వల లాగలేని ముసలివాళ్ల ఇంటికి కూడా కుప్ప ఉండేది.

చేప తొందరగా బలవాలని చెరువులో కోళ్ల ఎరువు వేయడం మా అలవాటు. ఎరువు పడితే నీళ్లు పచ్చబడతాయి. ఆ పచ్చదనమే చేపకు మేత. అయితే ఔటర్ రింగు రోడ్డు వచ్చాక బొంగులూరు చుట్టుపక్కల భూములు బంగారమయ్యాయి. మా చెరువుకు ఎగువన కూడా వెంచర్లు పడ్డాయి, ఇళ్లు లేచాయి. వాటి మురుగంతా మా చెరువుకొచ్చే కాలువలోకే. ఆ ఏడు ఎరువు వేయకముందే నీళ్లు పచ్చగా ఉన్నాయి, ఈసారి ఎవరూ వేయొద్దని సంఘంలో అనుకున్నారు. నేనూ తలూపాను.

ఇంటికి వచ్చాక అనుమానం మనసును తొలిచేయడం మొదలుపెట్టింది. ఆ ఏడు చెరువు చూసుకునే వంతు నాది. చేప బలవకపోతే చెడ్డపేరు నాకే కదా. అందుకే వద్దంటున్నారా? నన్ను చేతకానివాణ్ని చేయడానికా? ఎవరూ అంత దూరం ఆలోచించి ఉండరని ఇప్పుడు తెలుసు. అప్పుడు మాత్రం ఒక్కొక్కరి ముఖం గుర్తు తెచ్చుకుని, ఎవరు ఎందుకు నవ్వారో లెక్కగట్టుకున్నాను. నా పొలం కాలువ గట్టునే ఉంది. వరికని తెప్పించిన ట్రాక్టరు ఎరువు అక్కడే పోసి ఉంది. దాన్నంతా కాలువలోకి తోసేశాను. పెద్ద వాన పడితే అదే మోసుకుపోతుంది, నన్నడిగేవాడెవడు అనుకున్నాను. పట్టపగలే చేశాను. పొలంలో ఎరువు తోసే రైతును ఎవరు అనుమానిస్తారు?

వాన వచ్చింది. తర్వాత ఎండ కాసింది. నీళ్లు రంగుడబ్బా ఒలికినట్టు చిక్కటి పచ్చగా మారాయి. నేను సంతోషించాను. ఈ ముక్క చెప్పడమే అన్నిటికన్నా కష్టంగా ఉంది. మళ్లీ మబ్బు పట్టింది. ఉక్కపోతగా ఉన్న ఒక పొద్దున కట్ట మీదకు వెళ్లేసరికి చేపలన్నీ పైకి వచ్చి నోళ్లు తెరిచి గాలికి అల్లాడుతున్నాయి. మధ్యాహ్నానికి చెరువంతా తెల్లగా తేలాయి.

ఎవరో విషం కలిపారని ఊరంతా అంది. ఎవరు? అందరి చూపూ మల్లేశు మీదికి వెళ్లింది. వాడు నాకన్నా చిన్నవాడు, ఒకే తెప్ప మీద నాతో కలిసి వల వేసినవాడు. ఆ మధ్య వెంచర్ల వాళ్ల దగ్గర, కొనేవాళ్లకు ప్లాట్లు చూపెట్టే పనిలో చేరాడు. చెరువు పాడైతే పక్క భూములు తేలిగ్గా చేతికొస్తాయని వెంచర్ల వాళ్లే వీడితో చేయించారన్నారు. నిప్పు లేనిదే పొగ రాదన్నారు. కట్ట మీద పంచాయితీ పెట్టి నిలబెడితే, వాడు అందర్నీ వదిలి నా వైపు తిరిగాడు.

"నేనేం కలపలే అన్నా. ప్లాట్లు చూపెట్టిన, గంతే. నా సంగతి నీకు ఎరుకే గదా. జర నువ్వన్న చెప్పు."

"నాకేం ఎరుక? ఆళ్లతోని తిరిగింది నువ్వు. నన్నడుగుతవేంది?"

"గట్లనా అన్నా?" అన్నాడు.

వాణ్ని సంఘం నుంచి తీసేశారు. వాడి ఇంటికి పిలుపులు ఆగిపోయాయి. కొన్నాళ్లకు పెళ్లాం పిల్లల్ని తీసుకుని బాలాపూర్ వెళ్లిపోయాడు.

విషం కాదని నాకైనా ఖాయంగా తెలిసింది చాలా తర్వాత. చేపల శాఖ నుంచి వచ్చిన ఒకాయన మాకు మీటింగు పెట్టాడు. ఎరువు, మురుగు ఎక్కువైతే నాచు విపరీతంగా పెరుగుతుందట. ఎండ లేని రోజుల్లో ఆ నాచే నీటిలోని గాలిని తాగేస్తుందట, అది చచ్చి కుళ్లితే మిగిలింది కూడా పోతుందట. నదులు మోసుకెళ్లే ఎరువుతో సముద్రం ఒడ్డున కూడా ఇలాగే జరుగుతుందన్నాడు. మా చెరువు నిండి పొర్లిన నీళ్లు మూసీలోకి, అక్కణ్నుంచి కృష్ణలోకి, చివరికి సముద్రంలోకే పోతాయని చెబుతుంటే, నేను తోసిన ఎరువు అంత దూరం పోయి ఇంకెవరి చేపల్ని చంపిందో అనిపించింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరు నన్ను చూస్తున్నారోనని చుట్టూ చూశాను. వెనకనుంచి ఎవరో, "మరి మన మల్లేశు..." అని మొదలుపెట్టారు. చాయ్ చెప్పొస్తానని లేచి బయటికి వచ్చేశాను. తిరిగి వెళ్లేసరికి మాట మారిపోయింది. మొదటి తప్పు తెలియక చేశానని మీతో అనగలను. ఇది?

మొన్న ఎండాకాలం వలలు లాగాం. కుప్పలు పోశారు. నా పేరు పిలిచారు, వెళ్లి తెచ్చుకున్నాను. మల్లేశు కుప్ప ఉండాల్సిన చోట కట్ట ఖాళీగా ఉందని నాకు తప్ప ఎవరికీ తోచినట్టు లేదు. లేక అందరికీ తోచి, నాలాగే ఊరుకున్నారా?

ఇంటికి తెచ్చిన చేపను ముట్టలేకపోయాను. అందుకే ఇది రాస్తున్నాను. మల్లేశు చెరువులో ఏమీ కలపలేదు. కలిపింది నేను. రాశాక గుండె కొంచెం తేలికైంది, అబద్ధమెందుకు. బాలాపూర్‌లో వాడికి మాత్రం ఈ సంగతి ఇంకా తెలియదు.