మా కాలనీలో ఆ బాధ లేదని రాసిన దరఖాస్తు

మొన్న ఆదివారం మా మన్సూరాబాద్ కాలనీ వాట్సాప్ గ్రూపులో ఒక కబురు వచ్చింది. మత్తు అలవాట్ల నుంచి జనాన్ని కాపాడే పనులకు కాలనీ సంఘాలకు మున్సిపాలిటీ వాళ్లు నిధులిస్తారట, ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టుకోవాలట. నేను కళ్లద్దాలు వెతుక్కుని రెండోసారి చదివేలోపే మా సంఘం కార్యదర్శి, నా మనవడి వయసువాడు, పంపేశానని బొటనవేలు బొమ్మ పెట్టాడు. మా కాలనీలో గంజాయి ఉందని, తాగుడు ఉందని, మాత్రలు మింగేవాళ్లున్నారని, సమస్య తీవ్రంగా ఉందని చేయి వణక్కుండా రాసేశాడు. కాదు, కంప్యూటరే రాసిపెట్టిందట. నాకు ఒళ్లు మండింది, ఆ వెంటనే నవ్వూ వచ్చింది. ఆ ఒక్క మాట కాగితం మీద పెట్టడానికి ఒకప్పుడు మాకు ఏడాది పట్టింది మరి.

అప్పటికి మెట్రో స్తంభాలు ఇంకా లేవలేదు. దిల్‌సుఖ్‌నగర్ బస్టాండు ముందు ఎల్బీనగర్, ఎల్బీనగర్ అని గొంతు చించుకునే ఆటోల వరసలో మా తమ్ముడి ఆటో ఒకటి. నేను కాలనీ మొదట్లో సైకిళ్లు కిరాయికిచ్చే దుకాణం నడిపేవాణ్ణి. బడి ముఖం చూసినవాణ్ణి కాదు. పంక్చర్లకు వచ్చే బేరాల మధ్య పాత పేపర్లు కూడబలుక్కుని చదివి అక్షరాలు పట్టుకున్నవాణ్ణి. అయినా నీళ్ల ట్యాంకరు రాలేదన్నా, వీధి దీపం వెలగలేదన్నా అర్జీ నా చేతనే రాయించేవారు. డిగ్రీలున్నవాళ్లు రాస్తే ఆఫీసువాళ్లకు కోపం వస్తుందనీ, నేను రాస్తే జాలి వస్తుందనీ మా బావ సిద్ధాంతం.

మా బావ అంటే మా అక్క మొగుడు. నల్గొండ పక్క మా ఊరినుంచి అందరికంటే ముందు వచ్చింది ఆయనే. లారీ నడిపి, తరవాత లారీ కొని, ఆ తరవాత ప్లాట్లు ఇప్పించే పనిలో పడి, మా ఊళ్లో సగం మందిని ఇక్కడికి తరలించుకొచ్చాడు. ఇది మర్యాదస్తుల కాలనీ అని నమ్మబలికి ఒక్కొక్క కుటుంబాన్నీ దింపినవాడు కనక, సంఘం అధ్యక్షుడైన నాటి నుంచి కాలనీ పేరును తన తెల్లచొక్కాలాగే చూసుకునేవాడు, మరక పడనిచ్చేవాడు కాదు.

మరక మా ఇంట్లోనే ఉంది. మా తమ్ముడు సాయంత్రం ఆఖరి ట్రిప్పు దింపి కల్లు కాంపౌండుకు పోయేవాడు. ఊళ్లో చెట్టుకింద తాగిన కల్లు వేరు, పట్నంలో ఏదో పొడి కలిపి పోసే మందు కల్లు వేరని మీకు చెప్పక్కరలేదు. ఒక్క పూట మానితే చేతులు వణికేవి, మాట తప్పేది, ఒకసారి సొంత పెళ్లాన్నే ఎవరమ్మా నువ్వని అడిగాడు. దవాఖానలో డాక్టరు మాత్రలిచ్చి మెల్లగా మాన్పిద్దామన్నాడు, కాని ఆ కాంపౌండు వేళకు మనిషిని ఒంటరిగా ఉంచొద్దని, నలుగురిలో కూర్చోబెట్టాలని గట్టిగా చెప్పాడు. ఎక్కడ కూర్చోబెట్టాలి? ఇంట్లో అయితే పిల్లల ముందు సిగ్గు, నా దుకాణంలో అయితే రోడ్డు మీద పోయే పాత దోస్తుల పిలుపు. తమ్ముడి భార్య, మా మరదలు, కమ్యూనిటీ హాలు మీద సగం కట్టి వదిలేసిన గది చూపించి అది బాగుచేయిస్తే చాలునని అంది. సరిగ్గా అప్పుడే ఇలాంటి నిధుల కబురు వచ్చింది.

దరఖాస్తు రాయడానికి కూర్చున్నాం. మీ కాలనీలో సమస్య ఎలా ఉందో వివరించమని ఫారంలో అడిగారు. నేను ఉన్నదున్నట్టు రెండు ముక్కలు రాసేసరికి బావ కాగితం లాక్కున్నాడు. అట్ల రాస్తే కిరాయిదార్లు ఖాళీ చేస్తారని, మనోళ్ల పిల్లలకు ఎవరు పిల్లనిస్తారని గొడవ. నేను గొంతు పెంచాను, ఆయన ఇంకా పెంచాడు, అక్క చాయ్ పట్టుకొచ్చి ఇద్దరినీ కలిపి తిట్టింది. చివరికి ఆయన మాటే నెగ్గింది. దైవభక్తి, దేశభక్తి గల మా కాలనీలో ఒక్కరికీ ఏ మత్తు అలవాటూ లేదు, కావున దయచేసి నివారణకు నిధులు మంజూరు చేయగలరు. నా చేతిరాతతో పోయింది ఆ దరఖాస్తు. లేనిదానికి నివారణ దేనికని వెనక్కొచ్చింది. ఆఫీసులో గుమాస్తా అది నలుగురికీ చదివి వినిపించి మరీ నవ్వాడట. నేను మండిపడ్డాను, కాని వాడి మీద కాదు. బావ మాత్రం మన పేరు నిలబడింది గదా అని తృప్తిపడ్డాడు.

ఆ ఏడాది మా తమ్ముడు రెండుసార్లు మానాడు, రెండుసార్లూ తిరిగి మొదలుపెట్టాడు. మరదలు కూరగాయల బండి పెట్టుకుంది. మరుసటి ఏడు మళ్లీ నిధుల మాట వచ్చినప్పుడు, ఈసారి బావ ఊళ్లో లేని రోజు చూసి నేనే రాసి పడేశాను. దాంతో ఆఫీసు నుంచి ఒక మేడం విచారణకు వచ్చింది. హాల్లో చాపలు పరిచి అందరినీ కూర్చోబెట్టారు. ఏ ఇళ్లలో ఈ బాధ ఉందో ఒకరిద్దరు నోరు తెరిచి చెబితే చాలునని, పేర్లు ఎక్కడా రాయనని ఆమె నెమ్మదిగానే అడిగింది. అందరూ ఫ్యాను వంక చూశారు. బావ లేచి, మావాళ్లలో ఎవరూ లేరు మేడం, అంతా వెనక బస్తీలోనే అని మొదలుపెట్టాడు. మరదలు తల ఇంకా కిందికి వంచుకుంది.

మా వీధి చివర కోస్తానుంచి వచ్చిన కుటుంబాలుండేవి, బ్యాంకు ఉద్యోగాలవాళ్లు, కోచింగ్ సెంటర్లలో పాఠాలు చెప్పేవాళ్లు. తాగుడంటే నల్గొండవాళ్ల సొత్తని వాళ్ల నమ్మకం, మాకూ దాదాపు అదే నమ్మకం. వాళ్లలో బ్యాంకు ఆయన భార్యను అందరం పిన్నిగారనేవాళ్లం. ఇస్త్రీ చీర, మెత్తని మాట. ఆవిడ కూర్చున్నచోటు నుంచి లేవకుండానే అంది.

"మా ఇంట్లో ఉందండీ. మా వారికే. తలుపులేసుకుని తాగుతారు కాబట్టి మీకెవరికీ తెలీదు, అంతే."

ఆ తరవాత హాల్లో జరిగింది నేను ఎన్నిసార్లు తలుచుకున్నానో. మరదలు తలెత్తింది. పిన్నిగారి వంక చూసి ఏడ్చేసింది. బావ మళ్లీ అధ్యక్షుడి కుర్చీలో కూర్చుని, కళ్లద్దాలు తీసి చొక్కాకు తుడుచుకుని, మేడం వైపు తిరిగాడు.

"నా బామ్మర్ది గుడ గంతే మేడం. రాసుకోన్రి. మొదాలు మా ఇల్లే రాసుకోన్రి."

ఇక ఆగలేదు. నాలుగిళ్లు బయటపడ్డాయి, అయిదోది బయటపడింది. చివరికి వెనక వరసలో ముసలమ్మ ఒకావిడ, మా ముసలోని నశ్యం గుడ రాయున్రి బిడ్డా, తుమ్ములకు నిద్రలేదు అనేసరికి మేడం కూడా నవ్వేసింది.

నిధులొచ్చాయి. గదికి పైకప్పు పడింది, బల్లలు, క్యారం బోర్డు వచ్చాయి, నెలకో రెండుసార్లు డాక్టరు రావడం మొదలైంది. సాయంత్రం అయ్యేసరికి అక్క, పిన్నిగారు పోటీలు పడి చాయ్ పెట్టేవారు. అక్క చాయ్‌లో చక్కెర ఎక్కువని పిన్నిగారు, పిన్నిగారి చాయ్ రంగునీళ్లని అక్క. బ్యాంకు ఆయన మొదట్లో మెట్లదాకా వచ్చి తిరిగిపోయేవాడు, తరవాత క్యారంలో మా తమ్ముడికి ఎదురు కూర్చున్నాడు. ఆటోవాడు, బ్యాంకు ఆఫీసరు ఎర్రకాయిన్ కోసం కొట్లాడుకోవడం మా కాలనీలో అదే మొదలు.

ఒకరోజు తమ్ముడు రాలేదు. దీపాలు పెట్టే వేళయింది. ఆటో కాంపౌండు ముందు కనిపించిందని ఎవరో చెప్పారు. నేను లేచేలోపే బావ చెప్పులేసుకున్నాడు. ఆయన్ని ఒంటరిగా పంపలేక నేను వెనకాలే వెళ్లాను, కాని లోపలికి పోలేక గేటు దగ్గరే ఆగాను. మరక పడకుండా ఇన్నేళ్లు కాపాడుకున్న తెల్లచొక్కాతో మా బావ ఆ కాంపౌండు నడిమధ్యకు పోయి, తాను ఊరినుంచి తెచ్చి ఇళ్లిప్పించిన మనుషులందరూ చూస్తుండగా, తమ్ముడి పక్కన సీసాల మధ్య నేలమీద కూలబడ్డాడు. తిట్టలేదు, బతిమాలలేదు. తమ్ముడి ముందు సీసా నిండుగానే ఉంది. ఇద్దరూ చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నారు. చివరికి తమ్ముడే లేచి, బావకు చేయి అందించాడు.

"నడు బావా. నువ్విట్ల ఈడ కూసుంటే నాకు మంచిగనిపిస్తలేదు."

అదే ఆఖరు. ఆ తరవాత వాడు అటు పోలేదు.

బావ పోయి చాలా కాలమైంది. పిన్నిగారు కొడుకు దగ్గరికి తుర్కయంజాల్ వెళ్లిపోయింది, ఇప్పటికీ పండగకు అక్కకు ఫోను చేస్తుంది. ఆ గదిలో ఇప్పుడు గణేశ్ మండపం కర్రలున్నాయి. తమ్ముడు ఆటో అమ్మేశాడు, మోకాళ్ల నొప్పులతో నా ఇంటికి నడిచొస్తాడు.

కొత్త దరఖాస్తు సంగతి చెబితే వాడు ఊరుకోలేదు, నన్ను వెంటబెట్టుకుని కార్యదర్శి ఫ్లాటుకు వెళ్లాడు. ఏ ఇళ్లో చెప్పు బిడ్డా, సాయంత్రాలు నేను పోయి కూర్చుంటా అన్నాడు. ఆ కుర్రాడు మర్యాదగానే కుర్చీలు వేశాడు, మంచినీళ్లిచ్చాడు. పేర్లు తనకూ తెలియవనీ, తెలిసినా ఈ రోజుల్లో చెప్పకూడదనీ, అది వాళ్ల సొంత విషయమనీ నచ్చజెప్పాడు. తమ్ముడు తలూపి లేచాడు.

దారంతా నేను మండిపడుతూనే వచ్చాను గాని, ఆ కుర్రాడన్నదీ నిజమేనేమో. ఆ రోజు హాల్లో నోరు తెరిచాక పిన్నిగారు ఎన్నాళ్లు వీధిలో తలెత్తలేకపోయిందో నేను చూశాను, అలాంటి బాధ ఇంకో ఆడమనిషికి రాకుండా ఉంటే మంచిదే. కాని పేరు తెలియని మనిషి పక్కకు పోయి కూర్చోవడం ఎలాగో మాత్రం, ఇన్నేళ్లు ఇన్ని పేపర్లు చదివినా, నాకు బోధపడలేదు.